ఒడి బియ్యం ఏ ఇంట్లో పోయాలి

మెట్టెలు గచ్చుకు తగిలి టిక్కుమన్నాయి. కోర్టు వరండాలో ఇంతమంది ఇన్ని కష్టాలతో కూర్చుని ఉంటే తన కాళ్లు ఇలా పెళ్లి చప్పుడు చేయడమేమిటని సువర్ణ పాదాలు బెంచీ కిందికి లాక్కుంది. లాక్కున్నాక ఆ చప్పుడు ఇంకొక్కసారి వినాలనిపించి ఎడమకాలి వేలు మెల్లగా కదిపింది, టిక్కు. పెళ్లయి రెండు నెలలు కూడా నిండలేదు, ధర్మవరంలో అత్తగారింట్లో నడుస్తుంటే వెనకాల ఎవరో కొత్త పెళ్లికూతురు వస్తోందని తనే తిరిగి చూసుకునే రోజులు, పసుపుతాడు మెడకు రంగు అంటిస్తూనే ఉంది, అద్దంలో ఆ పసుపు గీత చూసుకోవడం కోసమే పొద్దున కాస్త ముందు లేస్తోంది. ఈ అనంతపురం ఫ్యామిలీ కోర్టులో సంతోషం దాచుకోవడమే పెద్ద పనైపోయింది. వేపచెట్టు నీడ బాగుంది, గేటు దగ్గర ఉడకబెట్టిన శెనక్కాయల బండి మీంచి వచ్చే ఆవిరి వాసన బాగుంది, ఆ బండి పక్కన నిలబడి ఇటు చూస్తూ చూడనట్టు నటిస్తున్న నాగేశ్వర చొక్కా రంగు అన్నిటికంటే బాగుంది, ఆ రంగు తను ఎంచిందే. అక్క మొగుడు ఓబిలేష్ ముఖం చూస్తే నాగేశ్వర చేయి లేస్తుందేమోనని లాయరమ్మ వనజాక్షి అతణ్ని లోపలికి రానివ్వలేదు, దాంతో పాపం మగ్గం వదిలి వచ్చిన మనిషి శెనక్కాయలు ఒలుస్తూ ఎండలో నిలబడ్డాడు.

సువర్ణ పక్కన ఆమె వదిన, నాగేశ్వర అక్క రామాంజినమ్మ, వీపు గోడకు ఆనించకుండా నిటారుగా కూర్చుని ఉంది. ఆకుపచ్చ పట్టుచీర, తల్లో కనకాంబరాలు, నడుము ముందు కొంగులో మూటగట్టిన ఒడి బియ్యం. బియ్యం, కొబ్బరి గిన్నెలు, బెల్లం, పసుపు కొమ్ములు, తమలపాకులు, అన్నీ కలిసి మూట ఎంత పెద్దదైందంటే, ఎదురు బెంచీలోని ముసలావిడ ఇందాకటి నుంచి చూసి చూసి, ఎన్నో నెలమ్మా అని అడిగేసింది. వదిన ముఖం కదలకుండా, అయిదేళ్లు నిండినాయవ్వా, ఈ పొద్దు తేలిపోతాది అంది. సువర్ణకు నవ్వు పొంగుకొచ్చి దగ్గుగా మార్చుకుంది, దగ్గు అయిపోయాక భయం వేసింది. ఈ మూట కట్టింది తనే. పొద్దున దేవుడి గూటి ముందు వదినను పీట మీద కూర్చోబెట్టి దోసిళ్లతో బియ్యం పోసింది తనే. అత్త బతికి ఉంటే అత్త పోసేది, ఇంట్లో ఇంకో ముత్తయిదువ లేదు, ఎన్ని దోసిళ్లు పోయాలో తనకు తెలియదు, చెప్పేవాళ్లూ లేరు, పోస్తూ పోయింది, వదిన చాలమ్మే, నడిసేకి గావల్ల అనేదాకా.

అసలు ఇదంతా తన నోటి వల్లే వచ్చింది. నవ్వించబోయి చెప్పిన మాట. ఆ సాయంత్రం వదిన రాట్నం దగ్గర కూర్చుని పట్టు కండెలు చుడుతోంది, గుంత మగ్గంలో నాగేశ్వర అచ్చు కొట్టే చప్పుడు లయగా వస్తోంది, తను ఊరికే కూర్చోలేక గార్లదిన్నె నుంచి కాపురానికి వచ్చిన రోజు కథ ఎత్తుకుంది. అమ్మ ఒడి నింపి పంపింది, అవ్వ బస్సు దాకా వచ్చి జాగ్రత్తలు చెప్పింది, మూట దారిలో విప్పగూడదు, నేల మీద పెట్టగూడదు, పోసేది నీ మొగుని ఇంట్లోనే, ఒకసారి పోసినాక ఆ ఇల్లు నీది, ఇంకొకామె ఒడి బియ్యంలో మాత్రం కలపొద్దు, కలిస్తే మొగోనికి గండం. బస్సు అనంతపురం దాటాక పొలాల మధ్య ఆగిపోయింది. కోతకొచ్చిన శెనక్కాయ చేలు లేవు, వాన లేక పసుపుబారిన మొక్కలు, దూరంగా కొండ మీద గాలిమరలు, అవి కూడా గాలి లేక నిలబడ్డాయి. అందరూ దిగి చెట్టు కింద కూర్చుంటే తను మూటతో సీట్లోనే ఇరుక్కుపోయింది. బియ్యపు గింజ ఒకటి ఎలా దూరిందో నడుము దగ్గర గుచ్చుతోంది, తీసుకుంటే మూట విప్పినట్టవుతుందేమోనని భయం, నాగేశ్వర బయటి నుంచి కిటికీలో చేయి పెట్టి నీళ్ల సీసా ఇస్తూ, ఏమప్పా నీ మూటేమన్నా ఉరికిపోతాదా, దిగుదువు రా అని, తను బీకాం చదివిన ముఖం పెట్టుకుని రానంటే రానని. ఆ నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయి. తను దిగనందుకు అతను కోప్పడలేదు, కిటికీ బయటే నిలబడ్డాడు, బస్సు కదిలేదాకా నిలబడ్డాడు. తన పెళ్లి ఆ కిటికీ దగ్గర అయిందనే సువర్ణ అనుకుంటుంది, మండపంలో కాదు. ఆ కథకు వదిన నవ్వుతుందనుకుంది. రాట్నం ఆగింది. వదిన పట్టుపోగు వేలికి చుట్టుకుని, విప్పి, చుట్టుకుని, నాకూ ఒడి నింపు సువర్ణా అంది.

అప్పటికి ఓబిలేష్ వేసిన కేసు నోటీసు వచ్చి ఇంట్లో అందరూ ముఖాలు వేలాడేసుకుని ఉన్నారు. అతను పట్టుచీరలు అమ్మే కొట్లో పని దొరికిందని అయిదేళ్ల కిందట బెంగళూరు పోయినవాడు పోయినట్టే ఉండిపోయాడు. మొదట పండగలకు వచ్చాడు, తర్వాత ఫోను, తర్వాత ఫోను కూడా లేదు. అద్దె ఇంట్లో ఒక్కతే కండెలు చుట్టుకుంటూ ఎదురుచూస్తున్న వదినను చూడలేక మామ శ్రీరంగప్ప స్వయంగా ఆటో తీసుకుపోయి సామాను వేసి పుట్టింటికి తెచ్చాడు. ఏ నాయనైనా చేసే పనే. ఆ ఆటో ఎక్కడమే ఇప్పుడు కొంప ముంచింది. వదిన మనోవర్తి కోసం కేసు వేస్తే, ఆ నోటీసు అందగానే అతను ఎదురు కేసు వేశాడు, హిందూ వివాహ చట్టంలో తొమ్మిదో సెక్షన్ అట, నా భార్య ఏ కారణం లేకుండా నన్ను విడిచి పుట్టింటికి పోయింది, ఆమెను నాతో కాపురానికి రమ్మని కోర్టు చెప్పాలి అని. వాళ్ల పెళ్లి అనంతపురం కల్యాణమండపంలో జరిగింది కాబట్టి కేసూ ఇక్కడే. విడిచిపోయినవాడు విడిచిపెట్టారని కేసు వేయొచ్చా అని సువర్ణ లాయరమ్మను అడిగింది. వేయొచ్చమ్మా, వేసేది పిలుచుకునేదానికి కాదు, నువ్వు రానంటావని వేసేది అని వనజాక్షి నెమ్మదిగా చెప్పింది. రానంటే, కారణం లేకుండా విడిచిన భార్యకు మనోవర్తి ఎందుకని వాదిస్తాడు. కోర్టు పొమ్మన్నాక ఏడాది దాకా ఇద్దరూ కలిసి ఉండకపోతే, అదే కారణం చూపించి విడాకులు అడుగుతాడు. తప్పు మీద వేసుకోకుండా బయటపడేదానికి దారి అది. ఓబిలేష్‌కు అక్కడ ఇంకొకామె ఉందని ఊరంతా చెప్పుకుంటారు గానీ కోర్టులో చెప్పుకునేదానికి సాక్షి కావాలి, బెంగళూరులో ఎవరొస్తారు సాక్ష్యానికి. మరి మేమే విడాకులు అడిగితే అని నాగేశ్వర అన్నాడు. అడగొచ్చు, రెండేళ్లు విడిచి పెట్టినాడని ఎప్పుడో వేసి ఉండొచ్చు అని లాయరమ్మ వదిన వైపు చూసింది. వదిన తల అడ్డంగా ఊపింది. ఆయప్ప పోయినాడని ముందు ఆడ రాయల్ల. నేను పోయినానని రాసిన కాగితం ఉండంగా నేనేం అడగను.

మామ మాత్రం, పోయి కాపురం చేసుకో తల్లీ, ఎట్లనో ఒకట్ల అన్నాడు. అన్నాక అన్నం తినకుండా లేచాడు.

సువర్ణ ఆ రోజుల్లో ఎంత సంతోషంగా ఉందో తలచుకుంటే ఇప్పుడు ముఖం వేడెక్కుతోంది. రోజుకొక ఇంట్లో విందు. కొత్త దంపతులని చుట్టాలంతా పిలిచారు, ఒక ఇంట్లో ఓళిగలు, ఒక ఇంట్లో కోడికూర, నాగేశ్వర వెనక స్కూటర్ మీద వెళ్లడం, వచ్చేటప్పుడు చేతిలో తాంబూలం, జాకెట్టు గుడ్డ. వాటిని వదినకు చూపించేది. వదిన గుడ్డ నలిపి చూసి బాగుందనేది. ఒకసారి మాత్రం, మిమ్మల్ని నేనే పిలవలేదు, పిలిచేకి నాకు ఇల్లుంటే గదా అని నవ్వేసింది, తను కూడా నవ్వేసింది, బుద్ధి లేకుండా. తను వచ్చిన రోజు నుంచి వదిన వంటింటి బియ్యం డబ్బా ముట్టుకోలేదని సువర్ణకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆకలైతే అడిగేది. తమ్ముని భార్య ఇల్లు ఇది, మనది కాదు అన్నట్టు అడిగేది. తను పోసిన ఒడి బియ్యమే ఆ డబ్బాలో ఉన్నాయి మరి.

బిళ్ల బంట్రోతు వచ్చి ఇంకెవరి పేర్లో పిలిచాడు. వాళ్లు లేచి వెళ్లారు, వెళ్లేటప్పుడు భర్త ముందు, భార్య చాలా వెనక. ఓబిలేష్ వరండా ఆ చివర స్తంభానికి ఆనుకుని ఫోను చూసుకుంటున్నాడు, నల్లకళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకుని, ఒళ్లు చేసి బాగానే ఉన్నాడు. అతను రా అంటే ఏమవుతుంది. లాయరమ్మ నిన్న అదే చెప్పింది, ఇది జూదం లాంటిది రామాంజినమ్మా, నువ్వు వస్తానన్నాక అతను సరే అంటే వెనక్కి తిరగలేవు. వదిన అన్నది, రమ్మంటే పోతా మేడం, పోయి పోస్తా, అప్పుడు చూద్దాం ఎవరు బయటికి పోతారో. అది ధైర్యమో మొండితనమో సువర్ణకు తెలియదు. ఆమె సీదాగా పోతానంటే పోయేదే. ఈ మూట పట్టుకుని ముక్కూ ముఖం తెలియని ఊళ్లో, ముక్కూ ముఖం తెలియని ఆడమనిషి గుమ్మం ముందు. మూట కట్టిన చేతులు తనవి. సువర్ణ వదిన చేయి పట్టుకుంది. పట్టు చుట్టి చుట్టి వేళ్ల చివర గీతలు పడిన చేయి, గరుకుగా ఉంది, చల్లగా ఉంది. భయమా వదినా అని అడిగితే, నడుము దగ్గర గింజ ఒగటి గుచ్చుతాంది, తీసుకుంటే విప్పినట్టయితాదేమో అంది వదిన. ఆ మాటకు సువర్ణకు ఒక్కసారిగా ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ బస్సు కథ ఈమె ఎంత శ్రద్ధగా విన్నది.

రామాంజినమ్మ, ఓబిలేష్ అని పిలుపు వచ్చింది.

లోపల హాలు చిన్నది, ఫ్యాను చప్పుడు పెద్దది. జడ్జిగారు ఆడమనిషి, సువర్ణ అమ్మ వయసు, కళ్లద్దాల మీది నుంచి చూసింది. వనజాక్షి లేచి, మా పార్టీ భర్తతో వెళ్లడానికి సిద్ధంగా ఉంది, ఈ రోజే, ఇక్కడి నుంచే అని ఒక్క మాటలో చెప్పి కూర్చుంది. ఓబిలేష్ లాయరు ముఖంలో మొదట ఏమీ కనబడలేదు, తర్వాత చేతిలోని పెన్ను ఆగింది. రానంటే ఏమి చెప్పాలో సిద్ధం చేసుకున్నాడు కాబోలు. జడ్జిగారు ఓబిలేష్‌ను అడిగింది, మీరు కోరిందే జరుగుతోంది, మీ భార్యను తీసుకెళ్తారా. ఓబిలేష్ తన లాయరు వైపు చూశాడు, మెడ సవరించుకున్నాడు, నవ్వాడు కూడా, తీసుకపోతా మేడం అన్నాడు.

సువర్ణ చెవుల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ మిగల్లేదు. అయిపోయింది. తన బస్సు కథ వదినను బెంగళూరు బస్సెక్కించింది. మామకు ఏమని చెప్పాలి, నాగేశ్వర శెనక్కాయలు ఒలుస్తూనే ఉంటాడు బయట, అతనికి ఏమని. వదిన మాత్రం కదిలింది. రెండు చేతులతో మూట కింద పట్టుకుని, నీళ్ల బిందె తెచ్చినట్టు నిదానంగా నడిచి వెళ్లి ఓబిలేష్ పక్కన నిలబడింది. అప్పుడు చూశాడతను. అప్పటిదాకా ముఖమే చూసి ఉంటాడు, అదైనా చూశాడో లేదో. కనకాంబరాలు, ఆకుపచ్చ చీర, కొంగులోంచి బయటికి వచ్చిన తమలపాకు చివర. కళ్లద్దాలు నెత్తి మీది నుంచి జారితే పట్టుకోలేదు.

“అదేం మేడం, ఒడి కట్టుకోనొచ్చింది?”

కాపురానికి పోయే ఆడది ఒట్టి చేతులతో పోతాదా అని వదిన అతన్ని చూడకుండా జడ్జిగారికి చెప్పింది. ఎంతో మర్యాదగా చెప్పింది. ఓబిలేష్ ఒక అడుగు పక్కకు జరిగాడు, మూట తగులుతుందేమో అన్నట్టు. బియ్యం ఈడనే పెట్టి రమ్మను మేడం అన్నాడు. జడ్జిగారు ఎందుకని అడిగింది. లాయరు అతని మోచేయి పట్టుకున్నాడు, పట్టుకున్నా ఓబిలేష్ ఆగే స్థితిలో లేడు, చెమట పట్టిన ముఖం సువర్ణకు ఇంత దూరం నుంచి కనిపిస్తోంది. ఈ మనిషికి చట్టం అంటే భయం లేదు, జడ్జి అంటే లేదు, అయిదేళ్ల పాపం అంటే అసలే లేదు, ఈ బియ్యం అంటే మాత్రం ఉంది, వీళ్ల అమ్మ కూడా మా అవ్వ చెప్పిందే చెప్పి ఉంటుంది అనుకుంది సువర్ణ, ఆ ఆలోచన పూర్తయ్యేలోపే అతని నోటి నుంచి వచ్చేసింది.

“ఆ ఇంట్లో పోసేకి కాదు మేడం. ఆడ ఇంకొకామె ఒడి బియ్యం పోసి ఉండాది.”

ఫ్యాను తిరుగుతూనే ఉంది. అతని లాయరు మోచేయి వదిలేసి ఫైలు మూసుకున్నాడు. జడ్జిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని, ఇంకొకామె ఎవరు, ఎప్పటి నుంచి ఉన్నారు అని చాలా మామూలు గొంతుతో అడిగింది. అతను చెప్పాడు. ఒకసారి మొదలుపెట్టాక ఆగలేకపోయాడు, ఇల్లు ఎక్కడో, ఏ పండగకు ఆమె కాపురానికి వచ్చిందో, అన్నీ. టైపు మిషను దగ్గర కూర్చున్నామె టకటకా కొడుతోంది. ఆ చప్పుడు సువర్ణకు ఎంత బాగుందో, మగ్గం అచ్చు చప్పుడులాగా, ఒక్కో దెబ్బకు గుడ్డ ఒక వేలెడు పెరుగుతున్నట్టు. ఆయప్ప పోయినాడని ముందు ఆడ రాయల్ల. రాస్తున్నారు వదినా. ఆయప్ప నోటితోనే. తర్వాత అతని లాయరు లేచి కేసు నడపదలచుకోలేదని మెల్లగా అన్నాడు, జడ్జిగారు కొట్టివేస్తున్నానని చెప్పింది, మనోవర్తి కేసు తేలేదాకా నెలనెలా మధ్యంతర మనోవర్తి కట్టాలని చెప్పింది, అతను అన్నిటికీ తల ఊపాడు, ఊపుతూ మూట వైపే చూస్తున్నాడు. వదిన కదలకుండా విని, అంతా అయ్యాక వనజాక్షి వైపు తిరిగి, మేడం, ఇప్పుడు విడాకుల కేసు నేను వేస్తా, విడిచి పెట్టినాడని, ఈ కాగితం చేతికిచ్చేది ఎప్పుడో అడుగు అంది. జడ్జిగారు నవ్వు ఆపుకోవడానికి నీళ్ల గ్లాసు అందుకోవడం సువర్ణ చూసింది.

బయటికి రాగానే ఎండ ముఖం మీద పడింది, ఆ ఎండ కూడా బాగుంది. ఎదురు బెంచీ ముసలావిడ ఇంకా అక్కడే ఉంది, తేలిపోయిందా తల్లీ అంటే, తేలిపోయిందవ్వా, తల్లీ బిడ్డా బాగుండారు అంది వదిన. సువర్ణ ఈసారి దగ్గుగా మార్చుకోలేదు, వరండా అంతా వినపడేలా నవ్వింది. మెట్టెలు టిక్కుటిక్కుమంటుంటే మెట్లు దిగి వేపచెట్టు కిందికి పరుగులాంటి నడకతో వెళ్లి నాగేశ్వరకు అన్నీ ఒకేసారి చెప్పబోయి ఏదీ సరిగా చెప్పలేకపోయింది. అతను అర్థమైన ముక్కల్ని కూడబెట్టుకుని అక్క ముందు నిలబడ్డాడు, ఒలిచిన శెనక్కాయలన్నీ ఆమె చేతిలో పోశాడు. పోశాక ముఖం వాడిపోయింది. ఈ బియ్యం ఇప్పుడు యాడ పోస్తావక్కా అన్నాడు. పుట్టింటి నుంచి కట్టుకుని వచ్చిన ఒడి బియ్యం మళ్లీ పుట్టింటి డబ్బాలో పోయకూడదు. సువర్ణకూ తట్టలేదు ఇంతసేపూ. గెలవడం గురించే అనుకుంది గానీ గెలిచాక మూట ఏమవుతుందో అనుకోలేదు.

వదిన శెనక్కాయలు నములుతూ దూరంగా చూసింది. ఆమె ఎప్పుడో అనుకున్నట్టుంది, పొద్దున పీట మీద కూర్చున్నప్పుడే, లేదా ఆ సాయంత్రం రాట్నం ఆపినప్పుడే. మగ్గం పక్క గది ఉండాది గదా, పాత నూలు పెట్టేది, దానికి వేరే వాకిలి ఉండాది అంది. రేపట్నుంచి నాయనకు బాడుగ ఇస్తా. మగ్గం కాడ కండెలకు నాకొచ్చేది నాకొస్తాది. ఆడ పొయ్యి పెడతా. ఆ గది నాది, ఒడి బియ్యం పోసేది ఆడ. నాగేశ్వర నోరు తెరిచాడు, బాడుగేందక్కా అనబోయి సువర్ణ చూపు చూసి మూసుకున్నాడు. ఆ గది సువర్ణకు కళ్లకు కట్టింది, బూజు దులపాలి, సున్నం వేయాలి, కిటికీకి తన పెళ్లి జాకెట్టు గుడ్డల్లో ఒకటి తెరగా కట్టొచ్చు, ఆకుపచ్చది, డబ్బా కొత్తది కొనాలి, మూత బిగువుగా ఉండేది.

ధర్మవరం బస్సులో వదిన కిటికీ పక్కన కూర్చుంది, మూట ఒళ్లో, మూట మీద రెండు చేతులు. బస్సు కదలబోతుంటే నాగేశ్వర అలవాటుగా కిందే నిలబడి కిటికీలోంచి నీళ్ల సీసా అందించాడు, ఈసారి అక్కకు. ఆమె తాగి మూతి తుడుచుకుని, వెనక సీట్లోని సువర్ణ వైపు తిరిగింది.

“ఈ శుక్రవారం మీరిద్దరూ మా ఇంటికి అన్నానికి రావల్ల. కొత్త దంపతులు, నేనొక్కదాన్నే పిలవకుంటే బాగుండదు.”